మొక్క పెరుగుదలలో, గింజ కట్టడంలో ప్రోటీన్లను మార్చే ఎంజైమ్‌ల పాత్ర ఏమిటి?

ప్రశ్న: కిరణ్మయి_కరీంనగర్

నమస్కారం. నేను వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ రెండవ సంవత్సరం చదువుతున్నాను. తయారైన ప్రోటీన్లకు ఫాస్ఫేటు, యుబిక్విటిన్, చక్కెర గొలుసులు, మిథైల్ సమూహాల వంటివి తగిలించే ఎంజైమ్‌ల గురించి ఈ సెమిస్టరులో ఒక అధ్యాయం ఉంది. అది ఆసాంతం పేర్ల పట్టికలాగా సాగుతుంది. కైనేజ్ ఫాస్ఫేటును తగిలిస్తుందనీ, ఫాస్ఫటేజ్ దానిని ఊడదీస్తుందనీ, లైగేజ్ యుబిక్విటిన్‌ను అతికిస్తుందనీ తెలిసింది గానీ, ఆ పని వల్ల మొక్క ఎత్తు ఎందుకు మారుతుందో, పువ్వు గింజగా మారడానికి దానితో ఏమి సంబంధమో మాత్రం అందులో లేదు.

నాకున్న మొదటి సందేహం ఇది. ఆక్సిన్, జిబ్బరెల్లిన్ పెరుగుదలను ప్రేరేపిస్తాయని ఇంటర్మీడియట్ నుంచి చదువుతూ వచ్చాము. ఇప్పుడు చూస్తే, ఆ రెండు హార్మోన్లూ చివరికి చేయించేది కొన్ని ప్రోటీన్లను ధ్వంసం చేయించడమేనని ఉంది. శక్తిని ఖర్చుపెట్టి తయారుచేసుకున్న ప్రోటీన్‌ను మళ్లీ శక్తి ఖర్చుపెట్టి ముక్కలు చేయడం మొక్కకు దండగ కాదా? రెండవ సందేహం: పెరుగుదలను నడిపే ఈ ఎంజైమ్‌లే పరాగసంపర్కంలోనూ, ఫలదీకరణంలోనూ పనిచేస్తాయా, లేక వాటికి వేరే ఎంజైమ్‌లు ఉంటాయా? వీలైతే వరికి సంబంధించిన ఉదాహరణలతో చెప్పగలరు.


సమాధానం 1: విశ్రాంత_అధ్యాపకుడు

కిరణ్మయి గారికి,

దండగ అనిపించడం సహజమే గానీ, మొక్క ఎలాంటి స్థితిలో బతుకుతుందో గమనిస్తే లెక్క మారుతుంది. నీడ పడినా, వేరుకు రాయి అడ్డం వచ్చినా, గాలివానకు కాండం ఒరిగినా, అది నిలుచున్న చోటనే ఉండి నిమిషాల్లో స్పందించవలసి ఉంటుంది. పెరుగుదల జన్యువులను పనిచేయించే ప్రోటీన్‌ను అప్పటికప్పుడు కొత్తగా తయారుచేసుకోవాలంటే ఆలస్యమవుతుంది. అందువల్ల మొక్క ఆ ప్రోటీన్‌ను ముందే సిద్ధం చేసి పెట్టుకొని, దానికి అడ్డుగా మరొక ప్రోటీన్‌ను నిలిపి ఉంచుతుంది. కాలువ నిండుగా ఉన్నప్పుడు పొలం తడపడానికి తూము తలుపు ఎత్తితే చాలు కదా. హార్మోను చేయించే పని అటువంటిదే. అడ్డు ప్రోటీన్‌ను తయారుచేయడానికి, విరగ్గొట్టడానికి అయ్యే ఖర్చు, ఆ వేగానికి మొక్క చెల్లించే వెల.

ఆ అడ్డును తొలగించే యంత్రాంగంలో ప్రధానమైనది యుబిక్విటిన్. ఇది 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. మొదటి ఎంజైమ్ ఏటీపీని ఖర్చుపెట్టి దానిని చైతన్యవంతం చేస్తుంది, రెండవది దానిని మోస్తుంది, మూడవదైన లైగేజ్ దానిని ఎవరికి తగిలించాలో నిర్ణయిస్తుంది. ఇలా గొలుసుగా యుబిక్విటిన్ తగిలిన ప్రోటీన్‌ను ప్రోటియాసోమ్ లోపలికి లాక్కొని ముక్కలు చేస్తుంది. ఈ వ్యవస్థను కనుగొన్నందుకు 2004లో సీచనోవర్, హెర్ష్కో, రోజ్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వారు పనిచేసినది జంతుకణాల మీదే అయినా, ఈ వ్యవస్థను విపరీతంగా విస్తరించుకున్నవి మొక్కలే. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే ఆవ కుటుంబపు చిన్న మొక్క అరబిడాప్సిస్‌లో మొదటి రకం ఎంజైమ్‌లు 2, రెండవ రకం 30కి పైగా ఉంటే, మూడవ రకమైన లైగేజ్‌లూ వాటి భాగాలూ కలిపి 1,000కి పైగా జన్యువుల నుంచి వస్తాయి. వాటిలో లక్ష్యాన్ని గుర్తుపట్టే ఎఫ్-బాక్స్ ప్రోటీన్లే సుమారు 700 ఉన్నాయి. మనిషిలో అవి 70 దగ్గర ఆగిపోతాయి.

ఇప్పుడు ఆక్సిన్ సంగతి. ఆక్సిన్‌కు గ్రాహకం ఏదో దశాబ్దాల పాటు తేలలేదు. 2005లో రెండు బృందాలు విడివిడిగా చూపించినది ఏమిటంటే, టీఐఆర్1 అనే ఎఫ్-బాక్స్ ప్రోటీనే ఆ గ్రాహకమని. అంటే హార్మోన్‌ను పట్టుకునేదీ, అడ్డు ప్రోటీన్‌ను లైగేజ్‌కు అప్పగించేదీ ఒకటే. ఇక్కడ ఒక సవరణ అవసరం: టీఐఆర్1 తనంతట తాను ఎంజైమ్ కాదు, కొన్ని ప్రోటీన్లు కలిసి ఏర్పడిన లైగేజ్‌లో అది గుర్తుపట్టే భాగం. 2007లో దాని స్ఫటిక నిర్మాణం వెలువడినప్పుడు, ఆక్సిన్ అణువు టీఐఆర్1లోని గుంటలో కూర్చొని, ఆ గుంటకూ అడ్డు ప్రోటీన్‌కూ మధ్య ఉన్న ఖాళీని పూరిస్తూ రెండింటినీ జిగురులాగా కలిపి ఉంచుతుందని తెలిసింది. టీఐఆర్1 ఆకారంలో చెప్పుకోదగిన మార్పేమీ రాదు. చిన్న అణువు ఒకటి రెండు ప్రోటీన్ల మధ్య పొత్తు కుదర్చడం ద్వారానే కణం పెరుగుదల దిశ మారుతుందన్న మాట. వరిలోనూ, మొక్కజొన్నలోనూ వెడల్పాకు కలుపు చావడానికి వాడే 2,4-డి కూడా ఈ గుంటలోనే కూర్చుంటుంది. పక్క చేలో పిచికారీ చేసిన మందు గాలికి కొట్టుకువచ్చి పత్తి ఆకులు ముడతలు పడితే, దాని మూలం ఈ గుంటలోనే ఉంది.

మీ సందేహానికి ఇంకొక వివరం ఉపకరిస్తుంది. ఆక్సిన్ వల్ల తెరుచుకునే జన్యువులలో ఆ అడ్డు ప్రోటీన్ల జన్యువులే చాలా ఉంటాయి. అడ్డు తొలగగానే కొత్త అడ్డు తయారవడం కూడా మొదలవుతుంది. అందువల్ల స్పందన వచ్చినంత త్వరగానే సద్దుమణుగుతుంది. హార్మోను మిగిలి ఉన్నంతవరకే పెరుగుదల సాగుతుంది.

జిబ్బరెల్లిన్ కథలో మన తిండి గింజల చరిత్ర ఉంది. జపనీయుడైన కురొసావా 1926లో తైవాన్‌లో, వరి నారును సన్నగా, పొడవుగా సాగదీసే బకానే తెగులుకు కారణం శిలీంధ్రం విడుదల చేసే ఒక పదార్థమని చూపించాడు. అదే జిబ్బరెల్లిన్. అది లేనప్పుడు డెల్లా అనే అడ్డు ప్రోటీన్లు పెరుగుదలను ఆపి ఉంచుతాయి. జిబ్బరెల్లిన్ వచ్చి జీఐడీ1 అనే గ్రాహకంలో కూర్చుంటే, ఆ గ్రాహకం డెల్లాను పట్టుకుంటుంది, అప్పుడు ఒక ఎఫ్-బాక్స్ లైగేజ్ డెల్లాకు యుబిక్విటిన్ తగిలిస్తుంది, డెల్లా పోతుంది, కాండం సాగుతుంది. ఈ గ్రాహకాన్ని మొదట కనుగొన్నది వరిలోనే, 2005లో. అరబిడాప్సిస్‌లో డెల్లాలు 5 ఉంటే వరిలో ఒక్కటే ఉండడం వల్ల పరిశోధకులకు పని తేలికైంది.

హరితవిప్లవపు పొట్టి గోధుమలన్నీ జపాన్ రకమైన నోరిన్ 10 నుంచి వచ్చిన రెండు జన్యువుల మీద నడిచాయి. ఆ జన్యువులు తయారుచేసేది జీఐడీ1 పట్టుకోవలసిన ముందుభాగం లేని డెల్లా అని 1999లో తెలిసింది. జిబ్బరెల్లిన్ ఎంత ఉన్నా ఆ డెల్లా దొరకదు, కాబట్టి మొక్క పొట్టిగానే ఉంటుంది. ఎరువు వేసినా పడిపోదు. 1960లలో గోధుమ శాస్త్రవేత్త బోర్లాగ్ మెక్సికో నుంచి పంపిన గోధుమల బలం అదే. పొట్టి వరి దారి వేరు. ఫిలిప్పీన్స్‌లో 1966లో విడుదలైన ఐఆర్8లో డెల్లా బాగానే ఉంది, దానిని పట్టుకునే గ్రాహకమూ బాగానే ఉంది. జిబ్బరెల్లిన్‌ను తయారుచేసే మార్గంలోని ఒక ఎంజైమ్ మాత్రం చెడిపోయింది. హార్మోను తక్కువ కాబట్టి డెల్లా మిగిలిపోతుంది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు 1967లో పండించి పేరు తెచ్చుకున్న ఐఆర్8 పొట్టిగా ఉండడానికి ఇదీ కారణం. గోధుమలో డెల్లాను పట్టుకోవడం కుదరదు, వరిలో డెల్లాను పట్టించే హార్మోను చాలదు. రెండు పంటలూ వేర్వేరు తలుపుల గుండా వచ్చి ఒకే ప్రోటీన్ దగ్గర ఆగాయి.


సమాధానం 2: ఫాస్ఫేటు_పక్షం

పై సమాధానం వివరంగా ఉంది గానీ, చదివినవారికి మొక్క పెరుగుదల అంటే ప్రోటీన్లను విరగ్గొట్టడమే అన్న అభిప్రాయం మిగిలే ప్రమాదం ఉంది. విరగ్గొట్టిన ప్రోటీన్ తిరిగి రాదు, దానిని మళ్లీ తయారుచేసుకోవలసిందే. ఫాస్ఫేటు అలా కాదు. తగిలించవచ్చు, తీసివేయవచ్చు, సెకన్లలో మళ్లీ తగిలించవచ్చు. మొక్కలు దీనిపై ఎంతగా ఆధారపడ్డాయో లెక్కలే చెబుతాయి: మనిషిలో కైనేజ్ జన్యువులు 500 పైచిలుకు ఉంటే, అరబిడాప్సిస్‌లో సుమారు 1,000 ఉన్నాయి, వాటిలో 600కి పైగా కణం పైపొరలో నిలబడి బయటి వార్తలను లోపలికి అందించే గ్రాహక కైనేజ్ కుటుంబానికి చెందినవి. వరిలో ఈ కుటుంబం మరింత పెద్దది.

పెరుగుదలను ప్రేరేపించే బ్రాసినోస్టీరాయిడ్ హార్మోను దీనికి మంచి ఉదాహరణ. బీఆర్ఐ1 అనే గ్రాహక కైనేజ్ దానిని కణం బయటే పట్టుకొని, బీఏకే1 అనే మరొక కైనేజ్‌తో జతకట్టి, ఒకదానికొకటి ఫాస్ఫేట్లు తగిలించుకుంటాయి. హార్మోను లేనప్పుడు లోపల బిన్2 అనే మూడవ కైనేజ్ పెరుగుదల జన్యువులను నడిపే బీజడ్‌ఆర్1కు ఫాస్ఫేట్లు తగిలించి, దానిని కేంద్రకంలోకి పోనీయకుండా ఆపుతూ ఉంటుంది. హార్మోను రాగానే బిన్2 పని ఆగుతుంది, ఒక ఫాస్ఫటేజ్ ఆ ఫాస్ఫేట్లను ఊడదీస్తుంది, బీజడ్‌ఆర్1 కేంద్రకంలోకి చేరుతుంది. ఇక్కడ పెరుగుదలకు మీట వేసేది ఫాస్ఫేటు తగిలించడం కాదు, తీసివేయడం. పాఠ్యపుస్తకాలు కైనేజ్‌ను ఎప్పుడూ ఉత్తేజపరిచే ఎంజైమ్‌గానే చూపించడం వల్ల విద్యార్థులు ఇక్కడ తరచూ తడబడతారు.

రెండవ సందేహానికి నా వైపు నుంచి ఒక్క మాట. ఆక్సిన్ ఒక కణం నుంచి మరొక కణానికి ఏ వైపు ప్రవహించాలో నిర్ణయించేది పిన్ అనే రవాణా ప్రోటీన్లు కణం ఏ అంచున కూర్చుంటాయన్న విషయం. పినాయిడ్ అనే కైనేజ్ వాటికి ఫాస్ఫేటు తగిలిస్తే ఒక అంచుకూ, పీపీ2ఏ అనే ఫాస్ఫటేజ్ తీసివేస్తే ఎదుటి అంచుకూ చేరే మొగ్గు చూపుతాయి. పినాయిడ్ చెడిపోయిన అరబిడాప్సిస్ మొక్కలో పూలు రావలసిన చోట చాలావరకు సూదిలాంటి కొన మిగులుతుంది. పెరుగుదలకు ఒక ఎంజైమ్, పువ్వుకు ఒక ఎంజైమ్ అని గీత గీయడం కుదరదని దీనితోనే తెలుస్తుంది.


సమాధానం 3: పరాగనాళం

కిరణ్మయి గారూ, రెండవ సందేహం నేను పనిచేసే రంగానికి చెందినది కాబట్టి కొంచెం విస్తరంగా రాస్తాను.

పుప్పొడి రేణువు కీలాగ్రం మీద పడడంతోనే ప్రోటీన్లను మార్చే ఎంజైమ్‌లు రంగంలోకి వస్తాయి. క్యాబేజీ, కాలిఫ్లవర్, ఆవ కుటుంబంలో చాలా మొక్కలు తమ పుప్పొడిని తామే తిరస్కరిస్తాయి. కీలాగ్రపు కణాల పైపొరలో ఎస్‌ఆర్‌కే అనే గ్రాహక కైనేజ్ ఉంటుంది, పుప్పొడి మీద ఎస్‌సీఆర్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. ఈ రెండింటి జన్యువులూ పక్కపక్కనే ఉండి జతగా సంక్రమిస్తాయి, పదుల కొద్దీ రకాలుగా ఉంటాయి. రెండూ ఒకే రకానివి అయితేనే ఒకదానికొకటి అతుకుతాయి. అప్పుడు కైనేజ్ మేల్కొంటుంది, ఏఆర్‌సీ1 అనే యుబిక్విటిన్ లైగేజ్‌ను పనిలోకి దించుతుంది, పుప్పొడికి నీరు అందించడానికి అవసరమైన ప్రోటీన్లు ధ్వంసమవుతాయి. నీరందని పుప్పొడి ఎండిన స్థితిలోనే ఉండిపోతుంది, మొలకెత్తదు. హైబ్రిడ్ క్యాబేజీ, కాలిఫ్లవర్ విత్తనోత్పత్తిలో ఈ తిరస్కారాన్ని చాలాకాలంగా వాడుకుంటున్నారు. మనం పోపులో వేసుకునే ఆవాల మొక్క మాత్రం తన పుప్పొడితోనే గింజ కడుతుంది.

అరబిడాప్సిస్ కూడా అంతే. దాని పూర్వీకులలో ఈ కైనేజ్ పనిచేసేది, తరువాత చెడిపోయింది. బంధువైన మరొక జాతి నుంచి ఎస్‌ఆర్‌కే, ఎస్‌సీఆర్ జన్యువుల జతను తెచ్చి పెట్టినప్పుడు కొన్ని అరబిడాప్సిస్ రకాలు తమ పుప్పొడిని తిరిగి తిరస్కరించడం మొదలుపెట్టాయి. ఒక కైనేజ్, దాని జోడీ ప్రోటీన్ కలిసి ఒక జాతి సంతానోత్పత్తి విధానాన్నే మార్చగలవని చెప్పడానికి ఇంతకంటే బలమైన ప్రయోగం నాకు తెలియదు.

టమాటా, వంకాయ, పెటూనియా కుటుంబంలో తర్కం తలకిందులవుతుంది. అక్కడ కీలం విషాన్ని తయారుచేస్తుంది. అది ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైమ్. కీలం గుండా దిగే పరాగనాళంలోకి అది చొరబడుతుంది. పరాగనాళంలో పలు ఎఫ్-బాక్స్ ప్రోటీన్లు ఉంటాయి, అవి తమవి కాని రకాల విషాలను గుర్తుపట్టి లైగేజ్‌కు అప్పగిస్తాయి. తన మొక్క విషాన్ని గుర్తుపట్టే ఎఫ్-బాక్స్ ఒక్కటీ తన దగ్గర ఉండదు కాబట్టి, సొంత కీలంలో ఆ పరాగనాళం చస్తుంది. ఆవ కుటుంబంలో తనదాన్ని గుర్తుపడితే తిరస్కారం. ఇక్కడ పరాయిదాన్ని గుర్తుపడితే ప్రవేశం. సాధనాలు మాత్రం పై సమాధానాల్లో చూసిన కైనేజ్, లైగేజ్ కుటుంబాలే.

పరాగనాళం అండాన్ని చేరాక ఏమి జరుగుతుందో మరింత ఆసక్తికరం. పిండకోశపు ముఖద్వారం దగ్గర రెండు సహాయ కణాలు ఉంటాయి. వాటి పొరలో ఫెరోనియా అనే గ్రాహక కైనేజ్ ఉంటుంది. ఎట్రుస్కన్ల సంతానదేవత పేరు దానికి పెట్టారు. అది పనిచేసే మొక్కలో పరాగనాళం సహాయ కణంలోకి చేరి, పెరుగుదల ఆపి, పగిలి, రెండు పురుషబీజాలను విడుదల చేస్తుంది. ఫెరోనియా చెడిపోతే పరాగనాళం లోపలికి చేరుతుంది గానీ పగలదు. పిండకోశంలోనే చుట్టలు చుట్టుకుంటూ పెరుగుతూ పోతుంది, ఫలదీకరణం జరగదు. పరాగనాళంలోనే దీనికి దగ్గరి బంధువులైన ఆంక్సుర్ కైనేజ్‌లు రెండు ఉన్నాయి. వాటి పని తద్విరుద్ధం, గమ్యం చేరేవరకు పగలకుండా చూడడం. అవి రెండూ లేకపోతే పుప్పొడి మొలకెత్తిన వెంటనే పగిలిపోతుంది.

మీ సందేహానికి నేరుగా జవాబు కూడా ఫెరోనియాలోనే ఉంది. అది పువ్వుకే పరిమితం కాదు. వేరులో ర్యాల్ఫ్ అనే చిన్న పెప్టైడ్‌ను పట్టుకొని, ప్రోటాన్లను కణం బయటికి తోడే పంపుకు ఫాస్ఫేటు తగిలే తీరును మార్చి, ఆ పంపును అణచివేస్తుంది. కణకవచం దగ్గర ఆమ్లత్వం తగ్గుతుంది, వేరు సాగడం నెమ్మదిస్తుంది. వేరులో కణకవచపు సాగుదలను నియంత్రించే కైనేజే, పిండకోశం దగ్గర ఇంకొక కణం పగలడాన్ని నిర్ణయిస్తోంది.

యుబిక్విటిన్ వైపు చూస్తే, జాస్మోనేట్ హార్మోన్‌ను పట్టుకునే సీఓఐ1 కూడా టీఐఆర్1 వంటి ఎఫ్-బాక్స్ ప్రోటీనే. అది చెడిపోయిన అరబిడాప్సిస్‌లో కేసరాలు పొట్టిగా ఉండిపోతాయి, పరాగకోశం సమయానికి పగలదు, పుప్పొడి చక్కగా ఎదగదు, మగవంధ్యత్వం వస్తుంది. అదే మొక్క పురుగుల దాడికి కూడా సరిగా స్పందించలేదు.

గింజ దశలో, డీఎన్‌ఏ చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకు మిథైల్ సమూహాలు తగిలించే ఎంజైమ్‌ల వంతు వస్తుంది. మెడియా అనే అటువంటి ఎంజైమ్ లోపిస్తే, తల్లి వైపు నుంచి చెడిపోయిన జన్యువు వచ్చిన ప్రతి గింజా ఎండిపోతుంది, తండ్రి వైపు నుంచి మంచి జన్యువు వచ్చినా ఫలితం ఉండదు. కన్నబిడ్డలను చంపిన గ్రీకు పురాణ స్త్రీ పేరు దానికి ఎందుకు పెట్టారో దీనితో అర్థమవుతుంది. ఈ ఎంజైమ్ బృందపు అసలు పని, ఫలదీకరణం జరిగేవరకు అంకురచ్ఛదం (గింజలో పిండానికి ఆహారాన్ని నిల్వచేసే భాగం) తయారీని ఆపి ఉంచడం. ఆ బృందంలోని ఒక భాగం లోపించిన వరిలో ఫలదీకరణం లేకుండానే అంకురచ్ఛదం మొదలవడం కనిపించింది. మనం అన్నంగా తినేది ఆ అంకురచ్ఛదాన్నే.


కిరణ్మయి_కరీంనగర్

ముగ్గురికీ ధన్యవాదాలు. ఫెరోనియా ఉదాహరణతో రెండవ సందేహం పూర్తిగా తీరింది.

మొదటి సమాధానం చదివాక మా ప్రాంతానికి చెందిన ఒక ప్రశ్న వచ్చింది. ఇక్కడ హైబ్రిడ్ వరి విత్తనోత్పత్తి చేసే రైతులు ఈనిక మొదలయ్యే సమయంలో జిబ్బరెల్లిక్ ఆమ్లాన్ని పిచికారీ చేస్తారు. ఆడ వరుసల్లో వెన్ను పోటాకు తొడుగులో నుంచి పూర్తిగా బయటికి రాదనీ, మందు కొడితే వస్తుందనీ చెబుతారు. ఆ ఆడ మొక్కలు పొట్టి రకాలే కదా. పొట్టి మొక్కలో అడ్డు బలంగా ఉంటుందని చదివాక, మందుకు అవి ఎలా లొంగుతున్నాయో అర్థం కాలేదు.


సమాధానం 4: వరి_ప్రజనకుడు

మీ ప్రశ్నకు జవాబు గోధుమకూ వరికీ మధ్య పైన చెప్పిన తేడాలోనే ఉంది. ఆ తేడాకు విత్తన క్షేత్రంలో డబ్బు విలువ ఉంది.

పొట్టి వరిలో సాధారణంగా ఉండేది ఐఆర్8 నుంచి వచ్చిన ఆ జన్యువే. ఆ మొక్కలో జిబ్బరెల్లిన్ తక్కువ తయారవుతుంది, కానీ గ్రాహకం, డెల్లా, లైగేజ్ అన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. బయటి నుంచి హార్మోను అందించగానే ఆ వ్యవస్థ మొత్తం పనిచేస్తుంది. ఆడ వరుసలుగా వాడే, పుప్పొడి పనిచేయని మగవంధ్యత్వ మొక్కల్లో పై కణుపు నడిమి సరిగా సాగకపోవడం వల్ల వెన్ను అడుగుభాగం పోటాకు తొడుగులోనే చిక్కుకుంటుంది, ఆ పూలకు మగ వరుసల పుప్పొడి అందదు. 5 నుంచి 10 శాతం వెన్నులు బయటపడే దశలో పిచికారీ మొదలుపెడితే, ఆ కణుపు నడిమిలోని కణాల్లో డెల్లా తొలగి, వెన్ను పైకి వస్తుంది. రైతు తాడు లాగి పుప్పొడిని లేపేటప్పటికి ఆడ పూలు బయట ఉంటాయి. ముందుభాగం లేని డెల్లా ఉన్న పొట్టి గోధుమ మీద ఇదే మందు కొడితే ఇంతటి స్పందన రాదు. మన వరి ప్రజనకులు గోధుమ తరహా జన్యువుతో పొట్టి రకాలు తయారుచేసి ఉంటే, ఈ పిచికారీకి అర్థమే ఉండేది కాదు.

ఇంకొక మాట. జిబ్బరెల్లిన్ మరీ తక్కువైతే కేసరాలు ఎదగవు, గింజలు తాలుగా మిగులుతాయి. ఐఆర్8 వంటి రకాల్లో అలా జరగకపోవడానికి కారణం, చెడిపోయిన ఎంజైమ్‌కు జంటగా మరొక జన్యువు ఉండి, పూల భాగాల్లో హార్మోను తయారీని అది చూసుకోవడమే. కాండం పొట్టిగా, వెన్ను నిండుగా రావడం ఈ పంపకం వల్లనే సాధ్యమైంది. గ్రాహకమో లైగేజో పూర్తిగా చెడిపోయిన వరి మొక్కలు మరగుజ్జులుగా ఉండడమే కాక గింజ కట్టవు. అందుకే అవి ప్రయోగశాలకే పరిమితమయ్యాయి.

గింజ పరిమాణంలో కూడా ఈ ఎంజైమ్‌ల చెయ్యి ఉంది. 2007లో చైనాలో గుర్తించిన జీడబ్ల్యూ2 ఒక యుబిక్విటిన్ లైగేజ్. అది పనిచేసినంతకాలం గింజ పొట్టులో కణవిభజన అదుపులో ఉంటుంది. అది చెడిపోయిన రకంలో కణాల సంఖ్య పెరిగి గింజ వెడల్పవుతుంది. గింజ పొడవును నియంత్రించే జన్యువులలో ఒకటి ఫాస్ఫటేజ్‌ను తయారుచేస్తుంది. వెడల్పుకు సంబంధించిన జీడబ్ల్యూ5 అనే మరొకటి ఎంజైమ్ కాదు గానీ, బిన్2కు వరిలో సమానమైన కైనేజ్‌ను అణచి ఉంచుతుంది. చాలా ఇండికా రకాల్లో జీడబ్ల్యూ5 చక్కగా పనిచేయడం వల్ల గింజ సన్నగా ఉంటుంది. అది లోపించిన జపానికా రకాల్లో పొట్టిగా, లావుగా ఉంటుంది. బరువు పెంచే జన్యువు దొరికిందని వార్త వచ్చినప్పుడల్లా మా దగ్గరికి వచ్చి అడుగుతారు. సన్నాలకు అలవాటుపడిన తెలుగు వినియోగదారుడు లావు గింజను కొనడు కాబట్టి, జీడబ్ల్యూ2 వంటివి మనకు అంత ముఖ్యమైనవి కావని నా అభిప్రాయం. వెన్నులో గింజల సంఖ్య, పడిపోకుండా నిలబడే కాండం, గింజకు తగిన సుప్తావస్థ ఇక్కడ ఎక్కువ అవసరం.

సుప్తావస్థ అన్నాను కాబట్టి అది కూడా చెప్పాలి. నవంబరు తుపానులకు కోస్తాలో కోతకు వచ్చిన చేను పడిపోయి, నీళ్లలో నానిన వెన్నులోనే గింజ మొలకెత్తడం తెలిసిన కష్టమే. గింజను నిద్రలో ఉంచేది అబ్సిసిక్ ఆమ్లం. అది తన గ్రాహకంలో కూర్చున్నప్పుడు ఒక ఫాస్ఫటేజ్ నోరు మూసుకుంటుంది. ఆ ఫాస్ఫటేజ్ అణచి ఉంచిన కైనేజ్‌లు విడుదలై, మొలకను ఆపే ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఈ వరుస 2009లో తేలింది. గోధుమ, బార్లీలలో కోతకు ముందే మొలకెత్తే గుణాన్ని నిర్ణయించే జన్యువులలో ఒకటి ఎంకేకే3 అనే కైనేజ్ అని 2016లో చూపించారు. సుప్తావస్థ మరీ ఎక్కువైతే రబీకి అదే విత్తనం వాడుకోవలసిన రైతుకు ఇబ్బంది, మరీ తక్కువైతే తుపానుకు నష్టం. కొద్ది వారాల నిద్ర చాలు. ఇటువంటి కొలతకు కైనేజ్ జన్యువు పూర్తిగా చెడిపోయిన రూపం కంటే, కొంచెం నెమ్మదించిన రూపం ఎక్కువ పనికివస్తుంది. సహజ రకాల్లో అలాంటి రూపాలను వెతకడమే ప్రజనకుడి పని.

హైదరాబాద్‌లో జరిగిన ఒక పని గురించి కూడా మీరు తెలుసుకోవాలి. సాంబ మసూరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ కలిసి మెరుగుపరచిన సాంబ మసూరిని తయారుచేశాయి. అది 2008లో విడుదలైంది. ఆ మూడింటిలో ఎక్స్‌ఏ21 అనేది అడవి వరి నుంచి వచ్చిన గ్రాహక కైనేజ్. అది పెరుగుదలకో, పునరుత్పత్తికో నేరుగా చెందినది కాదు గానీ, బీఆర్ఐ1 కుటుంబంలోనిదే.


కిరణ్మయి_కరీంనగర్

చాలా ఉపయోగపడింది. చివరగా ఒక్క విజ్ఞప్తి. మా కళాశాల ప్రయోగశాలలో జన్యు పరీక్షలకు వసతి లేదు. గోధుమ, వరి పొట్టితనంలోని తేడాను కుండీల్లో చూపించే చిన్న ప్రాజెక్టు చేయడం సాధ్యమేనా?


సమాధానం 5: విశ్రాంత_అధ్యాపకుడు

తప్పకుండా సాధ్యమే. పొట్టి వరి ఒకటి, పొట్టి గోధుమ ఒకటి, పోలికకు పొడుగు గోధుమగా పాత సీ 306 రకం తెచ్చుకోండి. వరిలో కూడా పొడుగ్గా పెరిగే పాత దేశవాళీ రకం ఏదైనా దొరికితే మంచిది. మొలకెత్తిన గింజలను మూడు గుంపులు చేయండి. ఒక గుంపుకు జిబ్బరెల్లిక్ ఆమ్లం, రెండవ గుంపుకు పాక్లోబ్యూట్రజాల్, మూడవ గుంపుకు ఏదీ లేని నీరు. మామిడి తోటల్లో పూత కోసం మట్టిలో పోసే పాక్లోబ్యూట్రజాల్ మొక్కలో జిబ్బరెల్లిన్ తయారీని ఆపుతుంది, అంటే డెల్లా నిలిచిపోయేలా చేస్తుంది. కాబట్టి పొడుగు రకాలు కూడా పొట్టిగా మారడం చూడవచ్చు. వీలుంటే నాలుగవ గుంపుకు రెండూ కలిపి ఇవ్వండి. అప్పుడు పొడుగు రకాలు, పొట్టి వరి తిరిగి సాగితే, పొట్టి గోధుమ దాదాపు కదలకుండా ఉండిపోవాలి.

వరిలో రెండవ ఆకు తొడుగు పొడవును, గోధుమలో మొదటి ఆకు తొడుగు పొడవును కొలవండి. మొత్తం ఎత్తు కంటే ఇవి నమ్మదగిన కొలతలు. ప్రతి గుంపులో తగినన్ని మొక్కలు ఉండాలి, కుండీలకు ఒకే వెలుతురు అందాలి. జిబ్బరెల్లిక్ ఆమ్లం నీటిలో సరిగా కరగదు కాబట్టి ముందు కొంచెం ఆల్కహాలులో కరిగించుకోవలసి వస్తుంది. అంతే ఆల్కహాలును నీటి గుంపుకు కూడా కలపడం మరచిపోవద్దు.